వేణువు పలికే తెలుగు

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



75 సంవత్సరాలు నిండిన పాఠశాలను గూర్చి చెప్పవలసినవి చాలా ఉంటాయి. భవనాలు, దాతలు, పరీక్షా ఫలితాలు, ఇక్కడ చదివి పెద్ద పదవులు అలంకరించిన వారు - వీటిని గూర్చి ఈ సంచికలోని ఇతర పుటలు సవిస్తరంగా చెబుతాయి. ఈ ప్రసంగ విషయం వేరు. అది వేణువు. తెలుగు మాధ్యమ పాఠశాల ఉత్సవంలో వేణువు ముచ్చట ఎందుకని ఎవరికైనా సందేహం కలగవచ్చు. వేణువుకు మాట లేదు. గాయకుడు కీర్తన పాడితే అందులోని పదాలు మన చెవిని పడతాయి. వేణు విద్వాంసుడు అదే కీర్తన వాయిస్తే స్వరం తప్ప అక్షరం వినబడదు. అయినా గత నూరేళ్ళకు పైగా దక్షిణాదిన గొప్ప వేణు విద్వాంసులందరూ తాము వాయించే కీర్తనల సాహిత్యాన్ని కంఠస్థం చేసే వచ్చారు. ఆ సాహిత్యంలో అధిక భాగం తెలుగు. వారిలో అధిక సంఖ్యాకుల ఇంటి భాష తెలుగు కాదు. వినబడని మాటను అంత శ్రద్ధగా ఎందుకు నేర్చుకొన్నారన్నదే ఇక్కడ విచారించదగిన విషయం.

మొదట వాద్యాన్ని గూర్చి కొంత తెలుసుకోవాలి. కర్ణాటక సంగీతంలో వాడే వేణువు రెండు కణుపుల నడుమ కోసిన వెదురు గొట్టం. ఊదే రంధ్రం ఒకటి, వ్రేళ్ళ కోసం ఎనిమిది రంధ్రాలు. వాటిలో ఏడింటిపై వ్రేళ్ళు ఆడతాయి, ఎనిమిదవది సాధారణంగా తెరచియే ఉంటుంది. వీణకు మెట్లున్నాయి, బిరడలున్నాయి. వయొలిన్ తీగను సవరించుకోవచ్చు. వేణువుకు ఆ వెసులుబాటు లేదు. గొట్టం పొడవును బట్టి, రంధ్రాల తావును బట్టి దాని శ్రుతి పుట్టుకతోనే నిర్ణయమైపోతుంది. అందుచేత ఒక్కొక్క శ్రుతికి ఒక్కొక్క వేణువు కావాలి. విద్వాంసుల సంచిలో అరడజను వేణువులు కనబడడం ఆడంబరం కాదు. వాతావరణం కూడా దీనితో ఆటలాడుతుంది. గొట్టంలోని గాలి వెచ్చబడితే శ్రుతి కొంచెం హెచ్చుతుంది, చల్లబడితే తగ్గుతుంది. మార్గశిర మాసపు హోసూరు చలిలో తెల్లవారుజామున సాధనకు కూర్చున్న పిల్లవాడు మొదట కొంతసేపు ఊది వెదురును వెచ్చపరచుకోక తప్పదు.

ఇంత చిన్న సాధనంలో గమకాలు పలికించడమే కష్టం. రంధ్రాన్ని పూర్తిగా మూస్తే ఒక స్వరం, పూర్తిగా తెరిస్తే మరొక స్వరం. వాటి నడుమ ఉన్న సూక్ష్మ స్థానాలను సగం మూసిన వ్రేలితో, పెదవి వంపుతో, ఊపిరి బలంతో సాధించాలి. మెట్లు లేవు, గుర్తులు లేవు. చెవి ఒక్కటే ప్రమాణం. అందుచేతనే వేణువు పట్టే ముందు గాత్రం నేర్వాలని గురువులు నిర్బంధించేవారు.

ఒకప్పుడు వేణువుకు కచేరీలో ప్రధాన స్థానం లేదు. ఆ స్థానాన్ని సంపాదించి పెట్టినవారు కుంభకోణం శరభశాస్త్రి. 1872లో జన్మించి, బాల్యంలోనే చూపు కోల్పోయి, 1904లో కన్నుమూశారు. జీవించినది ముప్పది రెండు సంవత్సరాలు మాత్రమే. ఆయన త్యాగరాజస్వామి శిష్య పరంపరకు చెందినవారని సంగీత చరిత్రకారులు చెబుతారు. కంటికి కనబడని పుస్తకం కన్న చెవిని పడిన పాఠమే ఆయనకు ఆధారమైంది. ఆయన మరణించిన 1904లోనే ఎట్టయాపురంలో సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' వెలువడింది. తమిళ దేశం నడిబొడ్డున అచ్చయిన ఆ మహాగ్రంథం తెలుగు లిపిలో ఉన్నది. నాటి సంగీత విద్యలో మన లిపికి ఉండిన స్థానాన్ని తెలుపడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

శరభశాస్త్రి శిష్యులు పల్లడం సంజీవరావు వేణువును చాలాకాలం ఏకచ్ఛత్రంగా ఏలారు. 1943లో మద్రాసు సంగీత విద్వత్సభ ఆయనకు సంగీత కళానిధి బిరుదమిచ్చింది. ఆయన పేరు మారుమ్రోగుతున్న ఆ రోజుల్లోనే తంజావూరు సీమ తిరువిడైమరుదూరు నుండి ఒక బాలుడు వచ్చాడు. అతడే టి.ఆర్. మహాలింగం. లోకం అతనిని 'మాలి' అని పిలిచింది.

మాలి 1926 నవంబరు 6న జన్మించారు. మేనమామ గోపాల అయ్యరు వద్ద గాత్రం నేర్చుకొన్నారు. వేణువును ఎవరూ చేయి పట్టి నేర్పలేదు, తానే పట్టుకొన్నారు. ఇంట్లో ఇతరులు నేర్చుకొంటున్న భైరవి అట తాళ వర్ణాన్ని పసివాడు విని వేణువు మీద వాయించాడని సంగీత లోకంలో కథగా చెప్పుకొంటారు. అది పచ్చిమిరియం ఆదియప్పయ్య గారి తెలుగు వర్ణం. 1933లో, ఏడేళ్ళ ప్రాయంలో, మైలాపూరు వేదికపై మొదటి కచేరీ చేసి పెద్దలను నివ్వెరపరచారు.

ఆయన చేసిన మార్పు ఏమిటో కొంచెం నిలచి గమనించాలి. అంతకు పూర్వపు వేణువు వేగంలోను, స్వరాల స్పష్టతలోను దిట్ట. గాత్రంలో వలె స్వరం నుండి స్వరానికి జారడం, ఒక స్వరంపై ఊగిసలాడడం దానికి అంతగా అలవడలేదు. మాలి వ్రేళ్ళను పట్టే తీరునే మార్చివేశారు. వ్రేలి కొసతో కాక మెత్తని భాగంతో రంధ్రాన్ని కొంచెం కొంచెంగా మూసి తెరచే పద్ధతిని అవలంబించారు. ఆ పట్టును చిలుక కొమ్మను పట్టే తీరుతో పోల్చారు. దానికి పెదవుల కదలిక, ఊపిరి హెచ్చుతగ్గులు తోడై వేణువు పాడడం మొదలుపెట్టింది. ఊదడం వేరు, పాడడం వేరు.

ఇంతటి మేధావి జీవితంలో క్రమశిక్షణ కొరవడింది. కచేరీ ఒప్పుకొని రాకపోవడం, వచ్చినా నడుమ ఆపి లేచిపోవడం, నెలల తరబడి వేణువు ముట్టకపోవడం ఆయన విషయంలో అందరూ ఎరిగినవే. ఆయన చాలాకాలం మన పొరుగున, 40 కిలోమీటర్ల దూరంలోని బెంగళూరులో నివసించారు. కొంతకాలం అమెరికాలో గడిపారు. పద్మభూషణ్ ఇవ్వజూపితే వద్దన్నారు. 1986 మే 31న అస్తమించారు. ప్రతిభ ఉన్నవారికి నియమం అక్కరలేదని వాదించేవారు మాలిని ఉదాహరణగా చూపుతారు. ఆ వాదం ఉపాధ్యాయులకు మ్రింగుడు పడదు. టిక్కెట్టు కొని వచ్చి గంటల తరబడి కాచుకొని ఉత్త చేతులతో తిరిగిపోయిన శ్రోత ముఖం చూచినవారెవ్వరూ ఆ గుణాన్ని మెచ్చుకోలేరు. ఆయన వేణువును మాత్రం మెచ్చుకోకుండా ఉండలేరు.

ఆ వేణువును క్రమశిక్షణతో జోడించి మూడు తరాలకు అందించినవారు ఎన్. రమణి. ఒక వేణు విద్వాంసుని శిక్షణ, కచేరీ జీవితం, బోధన అనే మూడు దశలు సాఫీగా సాగితే ఎట్లా ఉంటుందో తెలియడానికి వారి జీవితమే మంచి నిదర్శనం. 1934 అక్టోబరు 15న తిరువారూరులో జన్మించారు. త్యాగరాజ, శ్యామశాస్త్రి, ముత్తుస్వామి దీక్షితులు ముగ్గురూ పుట్టిన ఊరది. తాతగారు ఆళియూరు నారాయణస్వామి అయ్యరు వేణువు, గాత్రం రెండూ ఎరిగినవారు. ఆయన వద్దనే మొదటి పాఠాలు. ఎనిమిదవ ఏట సిక్కిల్ ఆలయంలో తొలి కచేరీ. ఆ తరువాత మాలి శిష్యరికం.

మాలి వద్ద శిష్యరికం అంటే గంటల పట్టీ ప్రకారం పాఠం కాదు. గురువు వాయిస్తుండగా వినాలి, విన్నదాన్ని ఇంటికి వెళ్ళి వెదకాలి. రమణి గురువు బాణీని పట్టుకొన్నారు. గురువు నియమరాహిత్యాన్ని పట్టుకోలేదు. కచేరీకి వస్తానంటే వచ్చేవారు. లాల్గుడి జయరామన్ వయొలిన్‌తోను, వెంకటరామన్ వీణతోను కలిసి 1960ల ద్వితీయార్ధంలో మొదలుపెట్టిన వయొలిన్-వేణు-వీణ కచేరీలు ఎందరినో ఆకర్షించాయి. ఉత్తరాదిన పన్నాలాల్ ఘోష్ పెద్ద వెదురు వేణువుకు శాస్త్రీయ వేదికపై గౌరవం సంపాదించినట్లే, దక్షిణాదిన మంద్రస్థాయి పలికే పొడవైన వేణువును రమణి ప్రచారం చేశారు. హరిప్రసాద్ చౌరాసియాతో జుగల్బందీలు కూడా చేశారు. 1987లో పద్మశ్రీ, 1996లో సంగీత కళానిధి ఆయనను వరించాయి.

1983లో మద్రాసులో వేణు శిక్షణకై ఒక అకాడమీని నెలకొల్పారు. శిష్యులు దేశ విదేశాల నుండి వచ్చారు. 2015 అక్టోబరు 9న ఆయన కన్నుమూసే నాటికి ఆ బాణీ ఎన్నో దేశాల్లో వినబడుతున్నది. కుమారుడు కూడా వేణు విద్వాంసుడే, పేరు త్యాగరాజన్. తిరువారూరులో పుట్టినవారు కుమారునికి ఆ పేరు పెట్టుకోవడంలో ఆశ్చర్యమేమున్నది!

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. వినబడని మాట నేర్వడమెందుకు?

వేణువుకు ఊపిరి కావాలి. ఊపిరి తీసుకొనే క్షణాన నాదం ఆగుతుంది. ఆ ఆగడం ఎక్కడ? ఇంట్లో రోజూ అనుకొనే మాటను తీసుకొందాం - 'పాలు కాచి తోడు పెట్టింది'. 'పాలు' తరువాత ఊపిరి తీసుకోవచ్చు, 'కాచి' తరువాత తీసుకోవచ్చు. 'పాలు కా' అని ఆగి, 'చితోడు' అని ఎత్తుకొంటే తెలుగువారెవరైనా నవ్వుతారు. సాహిత్యం ఎరుగని వాయిద్యకారుడు కీర్తనలో సరిగ్గా ఈ పనే చేస్తాడు. స్వరం తప్పలేదు, తాళం తప్పలేదు. కాని పదం నడుమ విరిగింది. సాహిత్యం ఎరిగిన శ్రోతకు అది చెవిలో ముల్లు. అక్షరాన్ని బట్టి నాలుకతో ఊపిరిని కొట్టి పలికించే తుత్తుకారం కూడా అంతే. ఎక్కడ కొట్టాలో, ఎక్కడ కొట్టకుండా జారవిడవాలో సాహిత్యమే చెబుతుంది.

ఇందులో తెలుగుకు ఒక ప్రత్యేకత ఉన్నది. మన మాటలు అచ్చుతో అంతమవుతాయి. అచ్చు అంటే అడ్డు లేని ఊపిరి. వేణువు హల్లును పలుకలేదు, అచ్చు నిడివిని మాత్రం చక్కగా నిలుపగలదు. హ్రస్వం ఎంత, దీర్ఘం ఎంత అన్నది వేణువులో స్పష్టంగా తెలుస్తుంది. ఛందస్సు పాఠంలో గురు లఘువులు గుర్తించడానికి విసుగుకొనే తొమ్మిదవ తరగతి పిల్లలకు ఈ మాట చెబితే కొంత ఉత్సాహం కలుగవచ్చు.

దీనిని ఆచరణలో చూపినవారు టి. విశ్వనాథన్. వీణ ధనమ్మాళ్ మనుమడు, నర్తకి బాలసరస్వతి సోదరుడు, తిరుప్పాంబురం స్వామినాథ పిళ్ళై శిష్యుడు. అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చాలా సంవత్సరాలు బోధించారు. 1992లో ఆ దేశపు జాతీయ వారసత్వ పురస్కారం అందుకొని, 2002లో కీర్తిశేషులైనారు. కచేరీ నడుమ ఆయన వేణువు దించి, సాహిత్య పంక్తిని పాడి, మరల వేణువు ఎత్తుకొనేవారు. ధనమ్మాళ్ ఇంట క్షేత్రయ్య పదాలు ఊపిరి వంటివి. ఆ తెలుగు పదాలు అట్లాంటిక్ దాటి, ఒక్క తెలుగు అక్షరం రాని శిష్యుల నోళ్ళలోను నిలిచాయి.

తమిళులైన విద్వాంసులు ఈ సాహిత్యాన్ని నేర్చుకోవడానికి పడిన శ్రమ సామాన్యమైనది కాదు. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. గానం అని వ్రాసినా, కానం అని వ్రాసినా చూపుకు ఒక్కటే. దానం, తానం కూడా అంతే. అందుచేత సంగీత పుస్తకాల్లో అక్షరం ప్రక్కన 2, 3, 4 అని అంకెలు వేసి భేదం చూపేవారు. ఆ అంకెలను చూచుకొంటూ, గురువు నోటి నుండి విని సరిదిద్దుకొంటూ, తమది కాని భాషను వారు తమ వ్రేళ్ళలోనికి తెచ్చుకొన్నారు. మన పిల్లలు రెండవ తరగతిలోనే ఆ భేదాలు పలుకగలరు.

1940లలో తమిళ ఇసై ఉద్యమం వచ్చింది. కచేరీలలో తమిళ పాటలు ఎక్కువగా వినబడాలని, శ్రోతకు అర్థమయ్యే మాట కావాలని దాని కోరిక. హోసూరు దగ్గరి తొరపల్లిలో పుట్టి, హోసూరు పాఠశాలలో చదివిన రాజాజీ ఆ ఉద్యమాన్ని సమర్థించారు. ఆ కోరికను తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. తన భాషలో పాట వినాలనుకోవడం సహజం. గమనించవలసినది మరొకటి. వారు పోరాడి సంపాదించుకోవలసి వచ్చిన భాగ్యం మనకు అడగకుండానే దక్కింది. ఏ సభకు పోయినా మన మాటే. అయినా హోసూరు, కృష్ణగిరి తెలుగు ఇళ్ళలో ఎందరు కచేరీ వింటున్నారు? విన్నవారిలో ఎందరు ఆ మాటలను పట్టించుకొంటున్నారు?

ఆంధ్ర దేశంలో వేణువు లేదనుకోరాదు. మంగళంపల్లి పట్టాభిరామయ్య గారు వేణు విద్వాంసులు. గోదావరి సీమ శంకరగుప్తంలో 1930లో జన్మించిన వారి కుమారుడే బాలమురళీకృష్ణ. తల్లి లేని బిడ్డను పెంచి, పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారికి అప్పగించారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి, వారి గురువు త్యాగరాజ శిష్యులైన మానంబుచావడి వెంకటసుబ్బయ్య. తండ్రి వేణువులో ఉన్న మురళి కుమారుని పేరులోను, కంఠంలోను చేరింది.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ప్రత్యేకంగా ఒక మాట. ఊపిరి వాద్యం ఆడవారికి తగదని ఒకప్పుడు అనేవారు. సిక్కిల్ సోదరీమణులు కుంజుమణి, నీల ఆ మాటను వాయించి త్రోసిపుచ్చారు. అక్క వద్ద చెల్లెలు నేర్చుకొన్నది. ఇద్దరూ జంటగా దశాబ్దాల పాటు కచేరీలు చేశారు. 2002లో సంగీత కళానిధి, 2004లో పద్మశ్రీ ఇద్దరికీ కలిపి వచ్చాయి. నీల కుమార్తె మాల కూడా వేణు విద్వాంసురాలే. ఇంకా ఎవరైనా తగదంటే వారికి ఈ పేర్లు చెప్పవచ్చు.

ఇక మన సంగతి. 1956లో భాషాప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడినపుడు ఈ సీమ మద్రాసు రాష్ట్రంలోనే నిలిచింది. 2004లో ధర్మపురి నుండి విడివడి కృష్ణగిరి జిల్లా అయింది. సంతలో ఒకే బేరం మూడు భాషల్లో సాగే ఊరు మనది. 2006లో పాఠశాలల్లో తమిళాన్ని ఒక్కొక్క తరగతిగా తప్పనిసరి చేసే చట్టం వచ్చింది. అల్పసంఖ్యాక భాషల పిల్లల విషయం న్యాయస్థానాల దాకా వెళ్ళింది. తమిళం నేర్వడం మన పిల్లలకు మేలే, ఉన్న ఊరి భాష రాకుంటే ఎట్లా? చిక్కు వచ్చినది మరొక చోట. ప్రవేశాల వేళ తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఒక్కటే - 'తెలుగు చదివితే ఏమొస్తుంది?' కర్మాగారాలు నిండిన ఊరిలో అది న్యాయమైన ప్రశ్నే. తెలుగు మాధ్యమం వల్ల ఉద్యోగం ఖాయమని ఈ వేదిక మీద నుండి చెప్పడం అసత్యమవుతుంది. కాని ఒక ఊరిలో తెలుగు తరగతి ఒకసారి మూతపడితే మరల తెరవడం ఎంత కష్టమో అందరికీ తెలుసు. అక్షరం పోయిన ఇంటిలో మాట ఒకటి రెండు తరాలు నిలుస్తుంది. ఆ తరువాత మన మనుమలు కూడా త్యాగరాజ కీర్తనను అంకెలు వేసిన అక్షరాలతోనే నేర్చుకొంటారు.

పిల్లలకు వేణువు నేర్పదలచిన తల్లిదండ్రులు అడిగే సందేహాలకు జవాబు చెప్పి ముగించవలసి ఉన్నది. వ్రేళ్ళు రంధ్రాలకు అందే వయసు రావాలి. ఎనిమిది, తొమ్మిది ఏళ్ళు వచ్చిన పిల్లలకు సాధారణంగా అందుతాయి. అంతవరకు గాత్రం నేర్పవచ్చు. సరళీ స్వరాలు, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు దాటి వర్ణానికి వచ్చేసరికి తెలుగు సాహిత్యం ఎదురవుతుంది. మొదట పొట్టి వేణువు, హెచ్చు శ్రుతిది కొనాలి. పొడవైన దానికి పసి వ్రేళ్ళు సాగవు. జాతరలో అమ్మే రంగుల పిల్లనగ్రోవి ఆటకు పనికివస్తుంది కాని సాధనకు పనికిరాదు, దాని శ్రుతి నిలకడగా ఉండదు. మొదటి వారాల్లో నాదమే రాదు, గాలి చప్పుడే వస్తుంది. కొందరికి తల తిరుగుతుంది కూడా. భయపడనక్కరలేదు, కొంచెంసేపు ఆగి మరల ఊదమనండి. వాయించిన తరువాత లోపలి తడిని మెత్తని గుడ్డతో తుడవాలి, ఎండలో పెట్టరాదు, వెదురు చీలుతుంది. వర్ణం మొదలుపెట్టిన రోజున మాత్రం పిల్లవానిని వేణువు ప్రక్కన పెట్టించి, ఆ సాహిత్యాన్ని తెలుగు అక్షరాల్లో ఒకసారి వ్రాయించి, ఎక్కడెక్కడ ఊపిరి తీసుకోవాలో గీత గీయించండి.